కారం తగలని గిన్నె

“నువ్వు పెద్దగా ఏమీ చెయ్యక్కర్లేదు సుగుణా. పులిహోర, పెరుగన్నం, గారెల పిండి, రెండు రకాల పచ్చడి. మిగతాదంతా పార్కులో బార్బీ పొయ్యి దగ్గర మగవాళ్ళం మేం చూసుకుంటాం” అన్నాడు చలపతి.

అనేసి తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు. పెద్దగా ఏమీ లేని ఆ పని కోసం సుగుణ చీకటితోనే లేచింది. చింతపండు పిసికి, అరవై మందికి సరిపడా అన్నం వండి పళ్ళేల్లో ఆరబోసి, మినప్పప్పు కడిగి, ఇప్పుడు పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తోంది. చేతులకి పని ఉన్నంతసేపూ ఆమెకి పరవాలేదు. పని అయిపోయిందా, కాలుగాలిన పిల్లిలా ఆ రెండు గదుల ఫ్లాట్‌లో అటూ ఇటూ తిరుగుతుంది. కూర్చుంటే ఒడి ఖాళీ. నిలబడితే నడుము దానంతట అదే ఒక పక్కకి ఒరిగి, లేని బరువుని ఎత్తుకుని మెల్లగా ఊగుతుంది. మొన్న సూపర్‌మార్కెట్ లైన్లో అలా ఊగుతుంటే వెనకాల నిలబడ్డ ముసలావిడ నవ్వి, ఇంట్లో చిన్నపాప ఉందా అని అడిగింది. ఉందనే చెప్పింది సుగుణ. లేదని చెప్పడానికి ఆమెకొచ్చిన ఇంగ్లీషు చాలలేదు.

పార్టీ పీఆర్‌ది. ఈ దేశంలో ఇక ఎప్పటికీ ఉండిపోవచ్చని అనుమతి వచ్చిందన్నమాట. సిడ్నీలో ఈ వెస్ట్‌మీడ్ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో ఎవరికి పీఆర్ వచ్చినా పార్టీ ఇచ్చి తీరాలి. ఇంట్లో వ్రతం ఎగ్గొడితే క్షమిస్తారు గానీ దీన్ని ఎగ్గొడితే క్షమించరు. చలపతికి అసలు తీరికే లేదు. బ్యాంకు కంప్యూటర్లు రెండువేల సంవత్సరాన్ని చూసి తికమక పడకుండా సరిచేసే పని అతనిది. శని, ఆదివారాలు కూడా ఆఫీసే. అలాంటిది పీఆర్ వచ్చిందని ఏజెంటు ఫోన్ చేసిన రోజు మాత్రం మధ్యాహ్నానికే ఇంటికొచ్చి, ఆమె రెండు చేతులూ పట్టుకుని, “చూశావా, అంతా ఎంత స్మూత్‌గా అయిపోయిందో” అన్నాడు.

స్మూత్‌గానే అయింది. మెడికల్ పరీక్షలకి ముగ్గురు వెళ్ళవలసిన చోట ఇద్దరే వెళ్ళారు.

భానుశ్రీ పోయిన ఏడాది చలికాలంలో పోయింది. ఆరేళ్ళ పిల్ల. పుట్టగానే ఏడవలేదు, మెదడుకి గాలి అందలేదన్నారు డాక్టర్లు. కూర్చోలేదు, మాట్లాడలేదు, మెడ సరిగ్గా నిలిపేది కాదు. కానీ నవ్వేది. ఎదుటివాళ్ళు తనతో నవ్వేదాకా ఊరుకోకుండా నవ్వేది. “మా వైపు ఇలాంటివి ఎవరికీ లేవమ్మా” అని అత్తగారు మొదటిరోజే చేతులు దులుపుకుంది. పాప పోయిందని తెలిశాక అదే అత్తగారు ఫోన్లో, “దానికీ విముక్తి, నీకూ విముక్తి. ఇకనైనా మనిషివి అవు” అంది. ఆ ఆరేళ్ళూ సుగుణ మనిషి కాదని ఆవిడ ఎప్పుడు తేల్చేసిందో మరి. చలపతి అయితే, “ఇక నువ్వు ఫ్రీ. అందరి భార్యల్లాగా ఆ టెస్టింగ్ కోర్సేదో చేస్తే ఆఫీసులు కళ్ళకద్దుకుని తీసుకుంటాయి” అన్నాడు. ఫ్రీ అన్న మాట నోట్లోంచి ఎలా వచ్చిందో అతనికే తెలియాలి. రాయిలాంటి మనిషేమీ కాదు. పాప చొక్కా ఒకటి అతని బీరువా అరలో, ఆఫీసు టైల కింద మడిచి ఉందని సుగుణకి తెలుసు. ఏడుపు మాత్రం ఇంట్లో ఆమె ఒక్కదాని డ్యూటీ అయిపోయింది.

వాళ్ళు సిడ్నీ వచ్చేటప్పటికి భానుకి నాలుగేళ్ళు. వచ్చిన వారంలోనే రాధాకృష్ణ అంకుల్ ఇంటికి భోజనానికి వెళ్ళారు. ఆయన అందరికంటే ముందొచ్చిన మనిషి. ఏ పేటలో ఇల్లు తీసుకోవాలి, ఏ బ్యాంకులో ఖాతా తెరవాలి, అన్నిటికీ ఆయన మాటే వేదం. భానుని చూసి తల పంకించి చలపతిని బాల్కనీలోకి తీసుకెళ్ళాడు. తిరిగొచ్చిన చలపతి మొహంలో రంగు లేదు. “పాపకి ఖర్చెక్కువని తెలిస్తే మనకి పీఆర్ ఇవ్వరట. ఆస్పత్రులూ, థెరపీలూ అంటూ తిప్పితే ఫైలు తయారవుతుందట. పీఆర్ వచ్చేదాకా ఇంట్లోనే చూసుకుందాం. ఒక్క రెండేళ్ళు ఓపిక పట్టు” అన్నాడు. సుగుణ ఓపిక పట్టింది. తలుపు మూసుకుని పట్టింది. వీధి చివర వికలాంగులైన పిల్లల కోసం ప్లే గ్రూపు ఉందని బోర్డు కనిపిస్తే ఆ వీధిలోంచి వెళ్ళడం మానేసింది. ఆ రెండేళ్ళలో ఆ ఫ్లాట్ గడప తొక్కిన తెలుగు మనిషి లేదు. ఎవరికీ మనం అక్కర్లేదు కాబోలు అనుకుంది.

పాప పోయాక మాత్రం వరసకట్టి వచ్చారు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించకూడదని సాంబారు గిన్నెలు, పప్పు గిన్నెలు, పెరుగు డబ్బాలు మోసుకొచ్చారు. ఫ్రిజ్ తలుపు మూతపడలేదు. ఇద్దరు మనుషులకి ఇరవై మంది వంట. రాత్రింబవళ్ళు పాపని ఒడిలోంచి దించడానికి లేక, తను బిస్కెట్లు తిని పడుకున్న రోజుల్లో ఒక్కరు ఒక్క గిన్నె పప్పు తెచ్చిన పాపాన పోలేదు. వచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు చావింట్లో వెళ్ళొస్తానని చెప్పకూడదు గనక ఎవరూ చెప్పలేదు. చెప్పులు తొడుక్కుని మెల్లగా జారుకున్నారు. పదిరోజులు కాగానే ఆ జారుకోవడం కూడా ఆగిపోయింది.

కాలింగ్ బెల్ మోగింది. రాధాకృష్ణ అంకుల్ భార్య కళావతి ఆంటీ, చీర కొంగు దోపుకుంటూనే లోపలికొచ్చింది. “ఒక్కదానివే ఎంతకని చేస్తావు, ఇలా ఇయ్యి” అంటూ మిరపకాయల పళ్ళెం లాక్కుంది. ఆవిడ చేయి చురుకు. సుగుణ బాల్కనీలోకి వెళ్ళి కొత్తిమీర దులుపుతోంది.

మిక్సీ చప్పుడు వినిపించింది.

ఇండియా నుంచి తెచ్చుకున్న మిక్సీకి మూడు గిన్నెలు. ఒక్కోదాని చప్పుడు ఒక్కో రకం. అన్నిటికంటే చిన్నదాని చప్పుడు సన్నగా, ఈల వేసినట్టు ఉంటుంది. ఆ చప్పుడు వింటే భాను ఎక్కడ పడుకుని ఉన్నా కాళ్ళు తపతప కొట్టుకునేది. అన్నం వస్తోందని దానికి తెలుసు. “వస్తున్నా నాన్నా” అంది సుగుణ, పైకే అనేసింది. అని, చేతిలో కొత్తిమీరతోనే గబగబా వంటింట్లోకి వచ్చి ఆగిపోయింది.

పై అరలో తెల్లగుడ్డ మీద బోర్లించి పెట్టుకున్న గిన్నె అది. మెత్తటి అన్నం, పెసరపప్పు, ఉడికించిన కారెట్, నెయ్యి. అంతకు మించి అందులో ఇంకేమీ పడలేదు. ఆరేళ్ళలో ఒక్క మిరియం గింజ తగలలేదు. భాను గొంతుకి ఘాటు పడదు. ఇప్పుడు దాన్నిండా పచ్చగా, ముద్దగా మిరపకాయలు.

“పెద్ద గిన్నెల్లో కొబ్బరీ, పిండీ ఉన్నాయిగా. అందుకని ఇందులో వేశాను” అంది కళావతి ఆంటీ. సుగుణ మొహం చూసి తగ్గింది. “ఏంటమ్మాయ్, ఏమైంది?”

“అది పాప గిన్నె ఆంటీ.”

ఆవిడ మూత పట్టుకుని అలాగే నిలబడింది. “నాకు తెలీదే తల్లీ. కడిగితే పోతుందిలే” అంది. సుగుణ గట్టుకి ఆనుకుంది. కోపం రావాల్సిన చోట కోపం రాలేదు. ఎన్నాళ్ళుగానో నాలుక చివర ఆగిపోయిన ప్రశ్న వచ్చింది.

“అది ఏ గిన్నెలో తినేదో మీకెలా తెలుస్తుంది ఆంటీ. దానితో రెండేళ్ళున్నాం ఇక్కడ, మీ ఇంటికి పది నిమిషాల నడక. ఒక్కసారి రాలేదేం?”

కళావతి ఆంటీ కళ్ళు పెద్దవి చేసింది. “రావద్దంటే ఎలా వస్తాం? మీ ఆయనే కదా అందరికీ చెప్పాడు. పాపకి ఇన్ఫెక్షన్ల భయం, సుగుణకి ఎవరొచ్చినా ఇష్టం ఉండదు, ఫోన్లు కూడా చెయ్యకండి అని. నేనొకసారి కిచిడీ చేసి ఇక్కడిదాకా తెచ్చాను తెలుసా. కిందే కనిపించాడు. గిన్నె తీసుకుని థాంక్స్ ఆంటీ అని పంపించేశాడు.”

ఆ కిచిడీ సుగుణకి గుర్తుంది. ఆఫీసు క్యాంటీన్లో మిగిలితే ఇచ్చారన్నాడు చలపతి.

కారులో గిన్నెలు సర్దుతున్నప్పుడు అతన్ని అడిగింది. గొంతు పెంచలేదు. చలపతి డిక్కీలో ఐస్ డబ్బా జరుపుతూ, “ఎవరి నోటికి తాళం వేస్తాం? ఒకళ్ళు చూస్తే ఊరంతా తెలుస్తుంది. మన ముగ్గురి కోసమే కదా చేశాను” అన్నాడు. డిక్కీ మూసి, “ఇప్పుడివన్నీ ఎందుకు, అందరూ వెయిట్ చేస్తుంటారు” అన్నాడు. ముగ్గురు అన్నందుకే సుగుణకి కళ్ళనీళ్ళు వచ్చాయి. పులిహోర పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒళ్ళో బరువుంటే ఆమె కాసేపు కదలకుండా ఉండగలదు.

పార్కులో జకరండా చెట్లు ఊదారంగు పూలు రాల్చి గడ్డినంతా కప్పేశాయి. మగవాళ్ళు చెప్పినట్టే బార్బీ చూసుకుంటున్నారు. అంటే ఒకడు చికెన్ ముక్కలు తిప్పుతుంటే పదిమంది చుట్టూ నిలబడి, డిసెంబరు ముప్పైయొకటి అర్ధరాత్రి విమానాలు కూలతాయా కూలవా అని వాదించుకుంటున్నారు. ఆడవాళ్ళు మూతలు తీసి వడ్డిస్తున్నారు. పిల్లలు ఇంగ్లీషులో అరుచుకుంటూ పరిగెడుతున్నారు. కేకు కోయించాక రాధాకృష్ణ అంకుల్ చలపతి భుజం తట్టి, గొంతు సవరించుకుని నాలుగు మాటలు చెప్పాడు. “చలపతి, సుగుణ ఎన్ని కష్టాలు పడ్డారో మనందరికీ తెలుసు. ఆ చిట్టితల్లి వెళ్తూ వెళ్తూ వీళ్ళకి దారి చేసి వెళ్ళింది. అది దేవత.”

అందరూ తలలూపారు. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. దారికి అడ్డమన్నట్టు దాచిపెట్టిన పిల్ల పోయేసరికి దేవత అయింది. సుగుణ గరిటె పట్టుకుని వరసగా పళ్ళేల్లో పులిహోర వేస్తూ ఉంది.

ఆ వరసలోనే అంకుల్ వెనకాల మక్సూద్ నిలబడి ఉన్నాడు. చలపతి ఆఫీసే, నరసరావుపేట మనిషి, పక్క బ్లాకులో ఉంటాడు. అతని భార్య నసీమా. ఎప్పుడూ ఎక్కడికీ రాదు. రెండు బ్లాకులకీ కలిపి వెనకవైపు ఒకటే బట్టల తీగ. నెల కిందట సుగుణ అక్కడ తన చీరలు ఆరేస్తుంటే పక్క తీగ మీద వరసగా నోటి గుడ్డలు కనిపించాయి. చొంగ పడకుండా మెడకి కట్టే గుడ్డలే, పసిపిల్లలవి కావు. నాలుగేళ్ళ పిల్ల మెడకి సరిపడే కొలత. ఆ కొలత సుగుణ కళ్ళు మూసుకుని కత్తిరించగలదు. వాటిని తీసుకోడానికొచ్చిన నసీమా ఈమెని చూసి, తడివి తడిగానే గుండెకి అదుముకుని లోపలికి పారిపోయింది.

“అంకుల్, మా పాప నిదా సంగతి చెప్పాను కదా మీకు. ఆస్పత్రిలో చూపిద్దామా అంటోంది నసీమా. తింటుంటే బాగా దగ్గొస్తోంది” అంటున్నాడు మక్సూద్, గొంతు తగ్గించి.

“తొందరపడకు. ఫైలు తయారవుతుంది. చలపతి వాళ్ళు ఎంత జాగ్రత్తగా ఉన్నారో చూశావుగా. రెండేళ్ళు ఓపిక పట్టమను” అన్నాడు అంకుల్.

సుగుణ గరిటె గిన్నెలో పెట్టేసింది.

“అంకుల్, ఆ రూలు మీకెవరు చెప్పారు?”

“ఏ రూలమ్మా?”

“పిల్లని దాచమని.”

“అందరికీ తెలిసిందే కదమ్మా.”

“మాకు మీరు చెప్పారు. మీకెవరు చెప్పారు?”

ఆయన చుట్టూ చూసి నవ్వాడు. “మా ఫ్రెండ్ ఈశ్వరప్రసాద్ అని, మెల్‌బోర్న్‌లో ఉంటాడు. వాడి కొలీగ్‌కి ఎవరికో…”

“ఆ కొలీగ్‌ని ఎవరైనా అడిగారా? మెడికల్స్‌లో ఎలాగూ డాక్టరు పాపని చూస్తాడు. కళ్ళు మూసుకుని చూడడు కదా. మరి అప్పటిదాకా దాచి ఏం లాభం అని ఆ రోజే అడగాల్సింది. నేనడగలేదు. ఈయనా అడగలేదు. ఇన్ని ప్రోగ్రాములు చదివి తప్పులు పట్టే మనుషులున్నారు ఇక్కడ. ఒక్కరూ అడగలేదు.”

“సుగుణా, ఇప్పుడు అవసరమా ఇది?” చలపతి పక్కకొచ్చి మెల్లగా అన్నాడు.

“ఇప్పుడే అవసరం” అంది సుగుణ. మక్సూద్ వైపు తిరిగింది. “మా పాప, అన్నం ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి చనిపోయింది మక్సూద్ గారూ. రెండేళ్ళు దగ్గుతూనే తింది. ఆఖరి వారంలో గత్యంతరం లేక ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అక్కడ నర్సు పాపని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చెంచా ఎలా పెట్టాలో చూపించింది. ఐదు నిమిషాలు పట్టలేదు. ఇంతేనా అని అడిగాను. ఇంతే అంది. ఇది మీకు ముందెవరూ చూపించలేదా అని అడిగింది. ఏం చెప్పను? మాకు పీఆర్ కావాలండీ, అందుకని పిల్లని ఎవరికీ చూపించలేదని చెప్పనా?”

చికెన్ మాడుతున్న వాసన వస్తోంది. దాన్ని తిప్పేవాళ్ళు లేరు.

“నసీమాకి ఫోన్ చెయ్యండి. నేనొస్తున్నానని చెప్పండి. లేకపోతే తలుపు తియ్యదు. నేనూ తీసేదాన్ని కాదు” అంది. మక్సూద్ ఒకసారి అంకుల్ వైపు, ఒకసారి ఆమె వైపు చూసి, జేబులోంచి సెల్ తీసి నంబరు నొక్కాడు.

సుగుణ చేతులు కడుక్కుని నడక మొదలుపెట్టింది. చలపతి రెండడుగులు వెంటవచ్చి, “ఇంతమందిని పెట్టుకుని వెళ్ళిపోతే వడ్డించేదెవరు?” అన్నాడు.

“మగవాళ్ళం చూసుకుంటాం అన్నారుగా.”

గేటు దాటేసరికి వెనకనుంచి కారొచ్చి ఆగింది. కళావతి ఆంటీ తల బయటపెట్టి, “ఈ ఎండలో నడుస్తావా? ఎక్కు” అంది. దారిలో సిగ్నల్ దగ్గర కారాపి, “మా ఆయన చెప్పింది నేనూ నలుగురికి చెప్పానే” అంది ఆవిడ, స్టీరింగ్ వైపే చూస్తూ.

తలుపు గొలుసు వేసి ఉండగానే జానెడు తెరుచుకుంది. సందులోంచి నసీమా ఒక కన్ను. చాలాసేపు చూసి గొలుసు తీసింది. ఇల్లు సుగుణకి కొత్తగా అనిపించలేదు. పరుపు హాల్లోకి వచ్చేసి ఉంది. టీవీ చప్పుడు లేకుండా తిరుగుతోంది. కిటికీ తెరలు పట్టపగలు మూసి ఉన్నాయి. నిదా పరుపు మీద పడుకుని, కొత్తమనిషిని చూసి నోరంతా తెరిచి నవ్వింది. సుగుణ గోడ పట్టుకుంది. అది భాను నవ్వు కాదు, వేరే పిల్ల నవ్వు. అయినా సుగుణ నవ్వేదాకా అదీ ఊరుకోలేదు.

“అన్నం పెట్టే టైమక్కా” అంది నసీమా, తప్పు చేస్తూ దొరికినట్టు. పిల్లని ఒళ్ళో వెల్లకిలా వేసుకుని, తల వెనక్కి వాలనిచ్చి, చేత్తో ముద్ద పెట్టబోయింది. ఆరేళ్ళు సుగుణ పెట్టినట్టే.

“ఇలా ఇస్తావా?” అంది సుగుణ. పాపని ఎత్తుకుని తన ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకుంది. ఎడమచేయి వీపు వెనకనుంచి, అరచెయ్యి మెడకింద. గడ్డం కాస్త కిందికి. ముద్ద ఇంకా మెత్తగా చిదిపి, చెంచా చివర కొంచెం. “మింగేదాకా రెండోది పెట్టకూడదు. గొంతు చూస్తూ ఉండు. ఇదిగో, మింగింది.” నిదా దగ్గలేదు. ఇంకో చెంచా. దగ్గలేదు. నసీమా మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల గొంతునే చూస్తోంది.

“ఇంతేనా అక్కా?”

“ఇంతే” అంది సుగుణ. ఆ మాట ఇటువైపు నుంచి చెప్పడం ఎంత కష్టమో ఆ నర్సుకి తెలిసే ఉంటుంది. “నాకు తెలిసింది ఇంతే. ఇంకా చాలా ఉంటుంది. రేపు ఆస్పత్రికి నేనూ వస్తాను, తెలిసినవాళ్ళని అడుగుదాం. వీధి చివర ప్లే గ్రూపు కూడా ఉంది. దాని ముందునుంచి నేను నడవడం మానేశాను. రేపు నడుద్దాం.”

వంటింట్లో గిన్నెల చప్పుడైంది. కళావతి ఆంటీ ఎవరూ చెప్పకుండానే సింకులో పేరుకున్నవి తోముతోంది. అక్కడినుంచే, “మంగళవారాలు నేను ఖాళీయేనమ్మాయ్. ఇంకో ముగ్గురు నలుగురిని ఇక్కడికి సాయానికి నేను లాక్కొస్తాను” అంది. ఇంకో గిన్నె అందుకుని, “ఆ చిన్న గిన్నెలో బియ్యం వేసి రెండు మూడుసార్లు తిప్పితే ఘాటు పోతుంది సుగుణా” అంది.

“తిప్పుతాను ఆంటీ. నిదాకి పనికొస్తుంది” అంది సుగుణ. అన్నాక చూసుకుంటే, తను కూర్చునే ఉంది. ఎంతసేపటినుంచో కూర్చునే ఉంది.

నిదా నిద్రపోయాక పరుపు మీద పడుకోబెట్టి లేచింది. నసీమా గుమ్మందాకా వచ్చి గొలుసుని వేళ్ళతో తిప్పుతూ, “ఆయన ఏమంటారో అక్కా” అంది.

“ఏమన్నా అననీ. మా ఇంట్లో ఎవరూ ఏమీ అనకుండానే పాప పోయింది.”

నసీమా గొలుసు వదిలేసింది. సుగుణ చెప్పులు తొడుక్కుంది. తన గడపలో పదిరోజులపాటు ఎవరూ అనని మాట, అంతకుముందు రెండేళ్ళు అనడానికి మనిషే రాని మాట, గొంతు నిండా వచ్చింది.

“వెళ్ళొస్తాను నసీమా” అంది.